అంచు చిట్లిన గుండీ

గుండీలన్నీ సబ్బునీళ్ళలో మునిగాక ఆవిడ చెయ్యి పెట్టి గిన్నె అడుగు నుంచి ఒకసారి కలియతిప్పింది. ఏటి అడుగున గులకరాళ్ళు దొర్లిన చప్పుడయింది. నీళ్ళు వంచేసి మళ్ళీ పోసి, మళ్ళీ వంచి, గుండీలను పాత తువ్వాలు మీద పరిచింది. తెల్లవి, నల్లవి, ఎర్రవి, ఏ రంగో చెప్పలేనివి. రెండు కళ్ళవి కొన్ని, నాలుగు కళ్ళవి కొన్ని. కోటు గుండీలు బొటనవేలి గోరంత, చొక్కా గుండీలు చిటికెనవేలి గోరంత. ఒక్కొక్కటే తుడిచి రేకు డబ్బాలో వేస్తూ, మధ్యలో ఆగి తువ్వాలు అంచు ఎత్తి చూసింది. గిన్నెలోకి తొంగి చూసింది. లేదని తెలిసీ వెతకడం అది.

"ఇవాళా లేదు," అంది తనలో తను.

గోడకానుకుని, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని కూర్చున్న మనవరాలు తలెత్తింది. "ఏది?"

"గోధుమరంగుది. అంచు చిట్లింది చూడూ, వాచ్‌మన్ పాత కోటుది. దారం కొరకబోయి నా పన్నే దాని అంచు లేపేసింది. అది వెళ్ళి మూడు వారాలైంది. పట్టుకెళ్ళిన పిల్ల మళ్ళీ మొహం చూపించలేదు."

"రాకపోతే ఏమవుతుంది?"

"రాకపోతే చెయ్యి దాటిపోతుంది. ఇవాళే ఆఖరు." ఆవిడ గోడ పట్టుకుని లేచింది. ఎడమ మోకాలు కుడిదానికి ఒకటిన్నరంత ఉంది. "ఆ పిల్ల ఇంట్లోవాళ్ళు కళ్ళు ఎక్కడ పెట్టుకు కూర్చున్నారో మరి. ఎదురుగా తిరిగే పిల్ల మొహం చూస్తే తెలీదూ?"

మనవరాలు మోకాళ్ళు ఇంకాస్త దగ్గరకు లాక్కుంది. పదిహేను దాటి పదహారు రాబోతున్న పిల్ల. సన్నటి మెడ, రెండు జడలు, చిన్నప్పుడు మెట్టు మీద పడినప్పటి గాటు ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చి ఉంటుంది. ఉక్కపోస్తున్నా బూడిదరంగు స్వెటరు వెయ్యడం ఈమధ్య పట్టుకున్న పిచ్చి.

"అమ్మమ్మా, ఇవాళ సెలవు పెట్టరాదూ."

"దేనికే?"

"మోకాలు వాచిందిగా."

"నా మోకాలు వాచడానికీ, ఆ గుమ్మం తెరవడానికీ ఏమిటే సంబంధం?"

"పోయినసారి నీకు జ్వరమొస్తే వేరే ఆవిడ తెరిచిందిగా. లోకం మునిగిపోయిందా?" పిల్ల కింది పెదవి కొరుక్కుంది. "నువ్వు ఉన్నావనే ఆ పిల్ల రావట్లేదేమో. నిన్ను చూసి సిగ్గేమో."

ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వితే పైన ఖాళీ అయిన రెండు పళ్ళ చోటు కనపడుతుంది. "నన్ను చూసి సిగ్గా! నన్ను చూసే వస్తారే అక్కడికి. మరి లేవలేదేం, బడి లేదా?"

"కడుపులో నొప్పిగా ఉంది."

"పరీక్షలంటే చాలు నీకు కడుపులో నొప్పే. నీ ఇష్టం, పడుకో. తలుపు గడియ పెట్టుకో. మళ్ళీ ఎవడితోనో పకపకలాడుతూ వీధి చివర కనిపించావని ఎవరైనా నాతో చెప్పాలి, ఆ రోజు చెబుతా నీ సంగతి. నీ అమ్మ చేసిన పని నువ్వు చేశావో, ఈ గడప తొక్కక్కర్లేదు."

ఈ ముక్క ఆవిడ రోజుకు ఒకసారైనా అంటుంది. అన్నం పెట్టేటప్పుడు, జడ వేసేటప్పుడు, దీపం ఆర్పేటప్పుడు. అంటున్నానన్న ధ్యాస కూడా ఆవిడకు ఉండదు.

"సరే," అంది పిల్ల.

మెట్లు దిగుతుంటే వెనకనుంచి "అమ్మమ్మా" అని వినపడింది.

"ఏమిటే?"

"ఏం లేదు. మెల్లిగా నడువు."

*

ఆసుపత్రికి రెండు ముఖాలు. పెద్ద రోడ్డు వైపు ముందు గేటు, అక్కడ బండ్లూ, జనం, కేకలూ. వెనక సందులోకి ఒక చిన్న తలుపు. బట్టలుతికే షెడ్డు పక్కనుంచి, తీగల మీద ఆరేసిన దుప్పట్ల మధ్యనుంచి వెళ్తే వస్తుంది. గురువారం రెండింటి నుంచి నాలుగింటి దాకా ఆ తలుపు తెరిచి ఉంటుంది. పద్దెనిమిది నిండని ఆడపిల్లలు ఎవరైనా రావచ్చు. కడుపు రాకుండా ఉండడానికి మందు అడగొచ్చు, నెల తప్పితే పరీక్ష చేయించుకోవచ్చు, ఏమీ అక్కర్లేకపోతే ఊరికే కూర్చుని ఏడవొచ్చు. తలుపు దగ్గర ఇనప స్టూలు మీద కూర్చునే ఆయా ఈవిడ.

పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పిల్లలకూ, సిస్టర్లకూ, ఆఖరికి పెద్ద డాక్టరమ్మకూ ఆవిడ గుండీలత్తే. నలభై తొమ్మిదేళ్ళు, చూస్తే అరవై అనిపిస్తాయి. బ్లీచింగు పొడిలో ముంచీ ముంచీ వేళ్ళ కొసల గీతలు చెరిగిపోయాయి. జీతం కాగితం మీద వేలిముద్ర వెయ్యమంటే నున్నటి మచ్చ పడుతుంది తప్ప గీత పడదు. ముందర ఇరవై ఏళ్ళు పురుళ్ళ వార్డు తుడిచింది. ఆ తర్వాత పదకొండేళ్ళుగా ఈ గుమ్మం.

గుండీల పద్ధతి ఆవిడ పెట్టిందే. మొదట్లో అన్నిచోట్లలాగే పేరు, తండ్రి పేరు, వీధి అని రిజిస్టరులో రాసేవాళ్ళు. పదిహేనేళ్ళ పిల్ల ఒకతి, గొంతు పెగలక, మందు కావాలని కాగితం మీద రాసి చూపించింది. ఆ రిజిస్టరును శుభ్రంగా తిరగరాయడానికి తీసుకుపోయిన గుమాస్తా ఆ పిల్లకు స్వయానా పెదనాన్న. సాయంత్రానికి ఇంట్లో తెలిసింది. మర్నాటి నుంచి బడి మాన్పించారు. మందు అడగడానికి వచ్చిన పిల్ల మందు లేకుండా వెళ్ళి, ఏడో నెలలో కోటు కింద కడుపు దాచుకుని ముందు గేటు వరసలో నిలబడింది. గుండీలత్తను చూసి మొహం గోడకు తిప్పుకుంది.

ఆ రోజు ఇంటికి వెళ్ళి ఆవిడ పాత బట్టలన్నీ ముందేసుకుని గుండీలు కోసింది. అప్పటి సిస్టరు దగ్గర బైఠాయించి ఒప్పించింది. అప్పటినుంచీ లోపలికి వచ్చే పిల్ల చేతిలో ఒక గుండీ పడుతుంది. రిజిస్టరులో 'నీలం, నాలుగు కళ్ళు' అనో, 'తెలుపు, ముత్యంలాంటిది' అనో రాస్తారు. మళ్ళీ వచ్చినప్పుడు గుండీ చూపిస్తే చాలు. పని పూర్తయ్యాక గుండీ డబ్బాలోకి వస్తుంది. పేరు అడగకూడదు. ఊరు అడగకూడదు. వచ్చిన పిల్ల ఎలా ఉంటుందో ఒకరితో ఒకరు చెప్పుకోకూడదు. ఫొటో తీస్తారేమోనని పిల్లలు హడలిపోతారు కాబట్టి ఆ గుమ్మం దగ్గర ఫోను ఉండకూడదు, ఆయాదైనా సరే, సిస్టరు సొరుగులో పడెయ్యాల్సిందే. ఇవన్నీ ఆవిడ పెట్టిన కట్టుబాట్లే. ఇంటి చుట్టుపక్కల కూడా తను బట్టలుతికే షెడ్డులో చేస్తానని చెప్పుకుంది. ఆ వీధి పిల్లలు వస్తే జంకకూడదు కదా.

పదకొండేళ్ళలో పెట్టిన సెలవు ఒక్కటే. మూడు వారాల కిందటి ఆ జ్వరం.

*

"సిస్టరమ్మా, ఇవాళ వస్తుందంటావా?"

సిస్టరు వచ్చి నాలుగు నెలలే అయింది. కుర్రది, చురుకైంది, మందులు చూపించి చెప్పేటప్పుడు పిల్లలు సిగ్గుపడితే తనూ కాస్త ఎర్రబడుతుంది. మాత్రల పెట్టెలు సర్దుతూ నిట్టూర్చింది. "రావాలత్తా. అప్పటికే ఎనిమిది వారాలు. నేను పరీక్ష చేసి, ఆ రోజు డాక్టరమ్మ రాలేదు కాబట్టి వచ్చే గురువారం రమ్మన్నాను. తలూపింది. ఇప్పుడు పదకొండు. ఇవాళ దాటితే ఇక్కడ చెయ్యరు, పెద్ద ఆసుపత్రికి రాసివ్వాలి. అక్కడికి వెళ్ళాలంటే ఇంట్లోవాళ్ళు సంతకం పెట్టాలి."

"సంతకం పెట్టించుకోగలిగిన పిల్ల అయితే మన వెనక తలుపుకెందుకు వస్తుంది?"

"అదే నా భయం. మందుల షాపువాడు ఏదో ఒకటి చుట్టి ఇస్తాడు, ఇది మింగుతుంది." సిస్టరు పెట్టె మూత వేసి ఇటు తిరిగింది. "అసలు ఆ పిల్ల ఎవరో నువ్వు పోల్చుకుంటావేమో అత్తా, ఈ చుట్టుపక్కలదే అనిపించింది. నాకు బాగా గుర్తుంది. సన్నగా, రెండు జడలు, ఎడమ కనుబొమ్మ మీద..."

"ఆగమ్మా!"

సిస్టరు ఉలిక్కిపడింది.

"చెప్పొద్దు. ఇవాళ నువ్వు నాకు చెబుతావు. రేపు నేను దారిలో ఆ పిల్లను చూసి ఆగుతాను. ఎల్లుండి ఆ ఆగడం ఎవరి కంట్లోనో పడుతుంది. కనుబొమ్మా వద్దు, జడలూ వద్దు. మనకు గుండీ చాలు."

"నీ కోసమే కదత్తా చెప్పింది, నువ్వే పది రోజుల నుంచీ తిండి మానేసి..."

"మానేస్తే మానేశాను. కట్టుబాటు కట్టుబాటే."

ఆ మాట అని ఆవిడ గర్వంగానే స్టూలు ఎత్తుకుంది. ఇంట్లో గడియారం గంట కొట్టినట్టు నోరు చేసుకునే మనిషికి, ఈ గుమ్మం దగ్గర నోరు కట్టేసుకోవడమే ఒక పూజలాంటిది.

*

రెండింటికి తలుపు తెరిచింది. దుప్పట్ల మధ్య తెల్లటి వెలుతురు. తీగల అవతల సందు మొదట్లో కాళ్ళు కనిపిస్తాయి ముందు. బూట్లు, చెప్పులు, ఒక అడుగు ముందుకు, రెండు వెనక్కి. ఆ కాళ్ళను చూసి వచ్చిన పిల్ల ఎంత భయపడుతోందో చెప్పగలదు ఆవిడ.

ముందు ఇద్దరు వచ్చారు, ఒకరినొకరు తోసుకుంటూ, నవ్వు ఆపుకోలేక.

"మాకు కాదత్తా," అంది పొడుగుది. "మా స్నేహితురాలికి."

"ఔనే. పాపం, ఆ స్నేహితురాలి కాళ్ళు నీ కాళ్ళలాగే వణుకుతున్నాయే."

పక్కది పకాలున నవ్వి నోరు మూసుకుంది. గుండీలత్త పొడుగుదాని అరచేతిలో ఎర్ర గుండీ పెట్టి వేళ్ళు ముడిచింది. "లోపలికెళ్ళి ఏది అడగాలనుకున్నావో అదే అడుగు. నసగొద్దు. సిస్టరమ్మ కొరకదు. ఏం కాదు తల్లీ, వెళ్ళు."

తల్లీ. ఆ పిలుపు ఈ స్టూలు మీద కూర్చున్నప్పుడే ఆవిడ నోట వస్తుంది. ఇంట్లో ఎప్పుడూ రాలేదు. ఒకసారి మనవరాలు అంది కూడా: "ఎవరెవరి పిల్లలనో తల్లీ తల్లీ అంటావట, నన్ను మాత్రం ఒసే అంటావు." "నువ్వు పరాయిదానివా ఏమిటే, మర్యాదలు చెయ్యడానికి?" అని నవ్వేసింది ఆవిడ.

తర్వాత ఒకతి ఏడుస్తూ వచ్చింది, పావుగంటలో తేరుకున్న మొహంతో బయటికి వచ్చింది. పరీక్షలో ఏమీ లేదని తేలింది కాబోలు. మాత్రల పొట్లం స్వెటరు చేతిలోకి దోపుకుంది. "మళ్ళీ నెల మర్చిపోకు తల్లీ," అంది ఆవిడ, ఎటో చూస్తూ. ఇంకొకతి సందు మొదట్లోనే అరగంట నిలబడి, దుప్పటి చాటునుంచి ఒకసారి మొహం పెట్టి, పారిపోయింది. దాని కాళ్ళకు నల్లబూట్లు. గోధుమరంగు గుండీ పిల్ల అదేనా? గుండీలత్త మోకాలి సంగతి మర్చిపోయి దుప్పట్లు తప్పించుకుంటూ సందు దాకా వెళ్ళింది. అప్పటికే ఎవరూ లేరు.

"రా తల్లీ," అంది ఖాళీ సందుతో. "ఎవరూ కేకలెయ్యరు. రా."

మూడుంబావుకు ముందు వైపు నుంచి మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. అర్జెంటు కేసట, డాక్టరమ్మ రావాలట. డాక్టరమ్మ లేచి గొట్టం మెడలో వేసుకుంది.

"అమ్మా, మా పిల్ల వస్తే?" గుండీలత్త అడ్డం నిలబడినంత పని చేసింది. "ఇవాళ ఒక్కరోజే గదమ్మా ఉంది. ముందు వైపు వాళ్ళకు ఎప్పుడూ అర్జెంటే. వాళ్ళకు పదిమంది డాక్టర్లు. మాకు మీరొక్కరే."

"రాగానే కబురు పంపు. ఎక్కడున్నా వస్తాను." డాక్టరమ్మ నడుస్తూనే చెప్పింది. "నాలుగయినా నువ్వు తలుపు వెయ్యకు."

ఆ మాట పట్టుకుని ఆవిడ కూర్చుంది.

నాలుగయింది. సిస్టరు రిజిస్టరు మూసింది గానీ కదల్లేదు. నాలుగున్నరకు గోడ నీడ స్టూలు మీదకు వస్తే గుండీలత్త దాన్ని కాస్త ఎండలోకి జరుపుకుంది. జరుపుకుని, ఊరికే కూర్చోలేక, డబ్బా ఒళ్ళో పెట్టుకుని గుండీలను వేళ్ళతో తిప్పుతూ కూర్చుంది. ప్రతిదీ ఎక్కడిదో తెలుసు. ఈ తెల్లవి తన పెళ్ళినాటి చొక్కావి. మొగుడిది. అతను వేసుకున్నది తక్కువ, ఆవిడ ఉతికింది ఎక్కువ. పదహారో ఏట కడుపుతో ఉండగా అతను ఏదో ఊరికి పనికని వెళ్ళాడు, చొక్కా మిగిలింది. ఈ ఆకుపచ్చది కూతురు గౌనుది. అదే గౌను వేసుకుని, దానికీ పదహారే, "అమ్మా నాకు రెండు నెలలు" అని చెప్పింది. ఆవిడ చీపురు తీసుకుంది. వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. చీపురు పుల్లలు విరిగేదాకా కొట్టింది. కొడుతున్నది కూతుర్నో, పదహారేళ్ళప్పటి తననో ఆ నిమిషాన తెలియలేదు. కూతురు బిడ్డను కని, రెండేళ్ళు ఉండి, ఎవరితోనో వేరే ఊరు వెళ్ళిపోయింది. అక్కడ ఇప్పుడు దానికి వేరే సంసారం, వేరే పిల్లలు. పెద్దపిల్ల బాగుందా అని ఏడాదికోసారి ఫోనులో అడుగుతుంది.

మనవరాలి విషయంలో అలా జరగనివ్వకూడదని ఆవిడ పంతం. అందుకే పొద్దునా సాయంత్రం గడప పేరు చెప్పి బెదిరించేది. ఇక్కడ గుమ్మంలో కూర్చుని పరాయి పిల్లలకు ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో కంఠతా చెప్పగలదు. ఇంట్లో ఆ మాట ఎత్తాలంటే నాలుక మెలిపడిపోతుంది. చెబితే నేర్పినట్టవుతుందేమోనని. చెప్పకపోతే తెలియకుండా ఉంటుందేమోనని.

"అత్తా, అయిదున్నర," అంది సిస్టరు.

"ఇంకొక్క పది నిమిషాలమ్మా. పనిలోకి వెళ్ళే పిల్లేమో. అయిదింటికి వదుల్తారేమో."

ఇంకో అరగంట కూర్చున్నారు ఇద్దరూ. దుప్పట్లు తీసుకోవడానికి షెడ్డు మనుషులు వచ్చారు. తీగలు ఖాళీ అయ్యాక సందు చివరి దాకా నేల కనిపించింది. అంత నేల మీద ఒక్క కాలూ లేదు.

"రాదు," అంది గుండీలత్త.

తలుపు గడియ వేసింది. ఈ పదకొండేళ్ళలో ఆ గడియ అంత బరువుగా ఎప్పుడూ లేదు. సిస్టరు సొరుగు లాగి ఫోను తీసి ఇచ్చింది.

"అత్తా, ఎవరో ఇన్నిసార్లు చేశారు నీకు."

పక్కింటి కుట్టుమిషను ఆవిడ. పద్నాలుగుసార్లు. గుండీలత్త రెండుసార్లు తప్పు నొక్కింది. మూడోసారికి అవతల గొంతు పగిలిపోతూ వినిపించింది.

"ఎక్కడ చచ్చావక్కా! ఎన్నిసార్లు చెయ్యాలి? మీ ఆసుపత్రిలోనే ఉన్నాం. మూడింటి నుంచీ ఇక్కడే ఉన్నాం. తలుపు కొడితే పలకలేదు పిల్ల. నేనే గడియ పగలగొట్టించి... నీ పేరు చెబితే ఇక్కడ ఎవరికీ తెలియదన్నారు. బట్టలుతికే చోట అడిగించాను, అక్కడ అట్లాంటి మనిషే లేదన్నారు. నువ్వు ఎక్కడ పనిచేస్తావక్కా అసలు?"

*

వెనక వైపు నుంచి ముందు వైపుకు పొడుగాటి నడవా. రెండు వందల అడుగులు ఉంటుందేమో. ఇరవై ఏళ్ళు దాన్ని తుడిచింది ఆవిడ, ఏ రాయి ఎక్కడ కుంగిందో కూడా తెలుసు. అయినా గోడ పట్టుకుని నడిచింది. సిస్టరు చెయ్యి అందించబోతే వదిలించుకుంది. పిల్ల జ్వరంతో పడిపోయి ఉంటుంది. పొద్దున ఏమీ తినలేదు. స్వెటరు వేసుకుని ఉక్కలో కూర్చుంటే పడిపోదూ? ఒళ్ళు తెలియగానే నాలుగు తిట్టాలి.

నడవా మలుపులో డాక్టరమ్మ ఎదురయింది. చేతులు కడుక్కుని వస్తున్నట్టుంది, మోచేతుల దాకా తడి. మొహం పాలిపోయి ఉంది. వీళ్ళిద్దరినీ చూసి ఆగింది.

"ఏమ్మా, నీ గుండీ పిల్ల వచ్చిందా?"

గుండీలత్త జవాబు చెప్పకుండా ఆవిడను దాటుకుని వెళ్ళింది. తెర పక్కన బల్ల మీద కుట్టుమిషను ఆవిడ కూర్చుని ఉంది. ఆవిడ పాదాల దగ్గర ఒక జత చెప్పులు, పక్కపక్కనే పొందిగ్గా పెట్టి ఉన్నాయి. గుండీలత్తను చూసి ఆవిడ లేవలేదు. లేవకపోవడంతోనే విషయం చెప్పేసింది.

"నాలుగున్నరకక్కా," అంది. "చాలాసేపు చూశారు. డాక్టరమ్మ చాలా పాటుపడింది. ఒంట్లో నెత్తురు లేదన్నారు. పక్కన మందుల షాపు కాగితం ఉంది. అమ్మమ్మకు చెప్పొద్దు, అమ్మమ్మకు చెప్పొద్దు అనే అంది దారంతా."

నాలుగున్నరకు స్టూలు ఎండలోకి జరుపుకుంది.

తెర తొలగించింది సిస్టరే. ముందు తను చూసింది. సన్నటి మెడ, రెండు జడలు, చీలిన ఎడమ కనుబొమ్మ. సిస్టరు చెయ్యి తెర మీద అలాగే ఉండిపోయింది. ఒక మాట నోటిదాకా వచ్చి ఆగింది. మధ్యాహ్నం ఆ మాటకు అడ్డం పడిన మనిషి వైపు తిరిగి చూడలేక, అక్కడే గోడకు జారి నేల మీద కూర్చుంది. వెనకనుంచి వచ్చిన డాక్టరమ్మ సిస్టరునూ, ముసలావిడనూ, మంచాన్నీ మార్చి మార్చి చూసింది. తను అడిగిన ప్రశ్న వెనక్కి తీసుకునే దారి లేక నిలబడిపోయింది.

గుండీలత్త ఏడవలేదు. మంచం దగ్గరకు వెళ్ళి దుప్పటి సరిచేసింది. పిల్ల నుదుటి మీద జుట్టు వెనక్కి తోసింది. గీతలు చెరిగిపోయిన ఆ వేళ్ళకు ఆ చల్లదనం వెంటనే తెలియలేదు.

"తల్లీ," అంది.

ఆ పిలుపు ఇంట్లో మనిషికి మొదటిసారి.

చాలాసేపటికి కుట్టుమిషను ఆవిడ ముక్కు తుడుచుకుంటూ లేచి వచ్చింది. చేతిరుమాలు కొసన వేసిన ముడి విప్పింది.

"గుప్పెట బిగించి వదల్లేదక్కా. వీళ్ళు సూది పెట్టడానికి బలవంతాన విప్పారు. ఏముందా అని చూస్తే ఇది. స్వెటరుది ఊడిందేమో అనుకున్నాను. పారేస్తారేమోనని తీసి దాచాను. తేరుకున్నాక నేనే కుట్టిపెడదామని."

స్వెటరుకు గుండీలన్నీ ఉన్నాయి. ఆవిడ అరచేతిలో మాత్రం ఇంకొకటి ఉంది, గోధుమరంగుది, నాలుగు కళ్ళది, ఒక పక్క అంచు మీద పంటిగాటు పడి చిట్లినది.